ఈ వారం సమస్య: “ఇసుకలోన పడవ యీదుచుండె”

ఆటవెలది నాలుగో పాదం ఇది. పై మూడు పాదాలూ మీరు రాసి, ఈ వింత మాటకి అర్థం కుదర్చాలి, అదే పూరణ. మొన్న ఆదివారం బెంగళూరు నుంచి తలకాడు వెళ్తుంటే కారులో ఒక పాట వచ్చింది. పేరు చెప్పను, చెబితే చర్చంతా గాయకుడి మీదకి పోతుంది. అందులో ఎడారి మధ్య పడవ ఒకటి దీపంతో సాగిపోతుంటుంది, లోపల మనిషి ఉండడు. దానర్థం ఏమిటని ముగ్గురం గొడవపడ్డాం. చావు అని ఒకరు, మత్తు అని ఒకరు, పాటకి ట్యూన్ ఉంటే చాలు అర్థమెందుకని మూడోవారు. తలకాడులో కావేరి ఒడ్డు ఇసుక కింద నుంచి తవ్వి తీసిన గుడికి మెట్లు దిగుతుంటే, చెప్పుల్లోకి దూరిన ఇసుక కాలి వేళ్ల మధ్య కరకరలాడింది. సమస్య అక్కడే పుట్టింది.

ఒక్క మనవి: ఒంటె వద్దు. ఎడారి ఓడ అందరికీ తెలుసు.

మల్లేశ్వరం మాస్టారు:

తోయమొక్క చుక్క దొరకని చోటైన
మూపు మీద నున్న మూట తోడ
ఒంటె నడక చూడ నూగెడు నావయే
ఇసుకలోన పడవ యీదుచుండె

వద్దన్నారు కాబట్టే రాశాను.

జయనగరం అక్క: మాస్టారూ, ‘ఊగెడు నావ’ బాగుంది, ఒంటె ఎక్కినవాళ్లకి నడుము గుర్తొస్తుంది. కానీ ‘చోటైన’లో ఆ ‘ఐన’ గణం, అంటే ఛందస్సు లెక్క, నింపడానికే కదండీ?

మల్లేశ్వరం మాస్టారు: దొరికిపోయాను తల్లీ.

హెబ్బాళ సైకిల్:

ఎండమావి నీట నెదుటి లారీ తేల
దాని వెనుక నేను తడియకుండ
సాగుచుంటి నిట్లు సైకిలు త్రొక్కుచు
ఇసుకలోన పడవ యీదుచుండె

ఏప్రిల్ మధ్యాహ్నం దేవనహళ్లి రోడ్డు మీద నిజంగా చూశానండి. లారీ చక్రాలు నీళ్లలో మునిగినట్టే ఉన్నాయి.

జయనగరం అక్క: తమ్ముడూ, ఇసుక ఏదీ?

హెబ్బాళ సైకిల్: అది ఇసుక లారీ అక్కా. పాదంలో పట్టలేదు.

మల్లేశ్వరం మాస్టారు: ఎందుకు పట్టదు? ‘ఎదుటి’ తీసేసి ‘ఇసుక’ పెట్టు. “ఎండమావి నీట నిసుక లారీ తేల”. ఎ-కారానికి ఇ-కారం యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత) చెల్లుతుంది, గణాలూ చెడవు. మూడో పాదంలో ‘ఇట్లు’ మాత్రం ఊరికే కూర్చుంది.

సమస్య ఇచ్చింది నేనే కాబట్టి నా మాట కూడా కలుపుతాను. ఎండమావిలో నీళ్లు తాగించే పద్యం మనందరికీ బడిలోనే వచ్చు. తారు కాగి దానికి ఆనుకున్న గాలి పలచబడితే, పై నుంచి దిగే వెలుగు నేల తాకకముందే వంగి కంటికొస్తుంది. మనం నీళ్లనుకునేది ఆకాశం ముక్క. అంటే ఆ లారీ ఆకాశంలో తేలిందన్నమాట. ఇదంతా పద్యంలో లేకపోవడమే మంచిదైంది. ‘తడియకుండ’ అన్న ఒక్క మాట దగ్గర నాకు ఒళ్లు జలదరించింది. కారులో పాట విన్నప్పుడూ అంతే. పడవ వింతగా ఉందని కాదు, పాడేవాడు దాన్ని సిటీ బస్సు చూసినట్టు చూసి ముందుకి పోయాడు, అదీ భయం. పూరణ చేసేవాడికి ఆ వెసులుబాటు లేదు, ముడి విప్పి తీరాలి. విప్పాక కూడా కాస్త వణుకు మిగిలితే ఆ పూరణకి నా ఓటు.

కె.ఆర్.పురం పాత కాపు:

ప్రత్తి పంట కొఱకు పారు నదులు మళ్ల
కడలి యింకి పోయె కండ్ల ముందె
తాత కలలలోన తప్పదు వలవేట
ఇసుకలోన పడవ యీదుచుండె

అరల్ సముద్రం గురించి. 1960ల నుంచి సోవియట్ వాళ్లు ఆము దర్యా, సిర్ దర్యా నీళ్లని పత్తి పొలాలకి మళ్లించారు. ఉజ్బెకిస్తాన్‌లో మొయ్‌నాక్ ఒకప్పుడు చేపల రేవు. ఇప్పుడక్కడ పడవలు తుప్పుపట్టి ఇసుకలో నిలబడి ఉన్నాయి.

మల్లేశ్వరం మాస్టారు: అది సరస్సు కదయ్యా, కడలి ఎలా అవుతుంది?

కె.ఆర్.పురం పాత కాపు: పేరే సముద్రం మాస్టారూ. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సు. ఒడ్డున ఉన్నవాడికి కడలే.

జయనగరం అక్క: నాకు పేచీ ‘కల’తోనే. దారి దొరకనప్పుడు అందరూ దూరే దొడ్డిగుమ్మం అది.

నిజమే, కానీ ఇక్కడ కల కవిది కాదు, తాతది. మేలుకుంటే పడవ ఆగిపోతుంది. అందుకే ఆ ‘తప్పదు’ నన్ను వదలడం లేదు. వలకి వెళ్లక తప్పదు అనుకున్నా సరే, వేట గురి తప్పదు అనుకున్నా సరే. నా ఓటు దీనికే.

జయనగరం అక్క: సరే, ఒప్పుకున్నా. కానీ సైకిల్ తమ్ముడూ, మాస్టారి సవరణ మళ్లీ చదివాను. ఇప్పుడు ఇసుక పడవలో ఉంది. పడవ ఇసుకలో లేదు!

హెబ్బాళ సైకిల్: ఆగండక్కా, రేపు మధ్యాహ్నం ఇంకోసారి వెళ్లి చూసొస్తా.