“కడుపారడి” తరవాతి అక్షరం పు-నా, వు-నా?

ఆమదాలవలస సభ్యురాలు:
పోతనగారి భాగవతంలోని దుర్గాస్తుతి పద్యం “అమ్మలగన్నయమ్మ” చదువుతున్నప్పుడల్లా రెండో పాదంలో ఒక్క అక్షరం దగ్గర నాలుక ఆగిపోతోంది. “సురారులమ్మ కడుపారడి పుచ్చిన యమ్మ” అని మా అమ్మ చెప్పేది. అచ్చులో “వుచ్చిన” అని చూశాను. “తెచ్చిన” అని కూడా ఎవరో చదవగా విన్న గుర్తు. మూడింటిలో ఏది వేసినా ఉత్పలమాల నడక చెడదు కాబట్టి గణాలు కట్టి తేల్చుకునే వీలు లేదు. పెద్దలు చెప్పగలరు.

బొబ్బిలి సభ్యులు:
అమ్మా, “తెచ్చిన”ను వదిలేయండి. అర్థం కాని చోట తెలిసిన మాట పెట్టుకొని చదివితే పుట్టిన పాఠం అది. పు, వు రెండూ ఒకే క్రియ. “ఆరడి” ప్రథమా రూపంలో ఉంది కనుక మీది పరుషానికి గసడదవాదేశం (క చ ట త పలు గ స డ ద వలుగా మారడం) వస్తే “వుచ్చిన” అవుతుంది. వ్యాకరణ సూత్రమే “బహుళంబుగా”, అంటే రావచ్చు రాకపోవచ్చు అంటున్నది కనుక “పుచ్చిన” అన్నవారినీ తప్పు పట్టలేము. నేను మాత్రం “వు” పక్షమే, ఎందుకంటే “మ్మ”ల మీద సాగే ఆ ధారలో పోతనగారి చెవి మెత్తని అక్షరాన్నే కోరి ఉంటుంది. పదమూడో అక్షరాన్ని యతి కాపాడకపోయినా పదో అక్షరాన్ని కాపాడుతుంది: “పెద్ద + అమ్మ”లోని అకారానికి “కడుపు + ఆరడి”లోని ఆకారంతో మైత్రి కుదిరింది కాబట్టి ఆ విరుపును ఇంక కదపకూడదు.

టెక్కలి సభ్యులు:
విరుపు బాగానే చూపించారు గానీ అసలు చిక్కు “పుచ్చు” అర్థంలో ఉంది. నిద్రపుచ్చడంలో అది కలిగించడం, కాలం పుచ్చడంలో గడపడం, వేరే చోట్ల పంపడం, పోగొట్టడం. ఇక్కడ కలిగించడమే. “అత్తింటి ఆరళ్లు” అంటాము కదా, ఆ మాటకు ఏకవచనమే ఆరడి. సురారులమ్మ అంటే దేవతల శత్రువుల తల్లి, దితి. బిడ్డలు దేవతలను బాధిస్తారన్న భయంతో ఆవిడ నూరేళ్లు గర్భం మోసినట్టు భాగవతం తృతీయ స్కంధం చెబుతుంది. కొడుకులు హిరణ్యాక్ష హిరణ్యకశిపులిద్దరూ పోయాక ఇంద్రుణ్ణి చంపే బిడ్డ కోసం వ్రతం పడితే, ఆ పిండాన్ని ఇంద్రుడు కడుపులోనే నలభై తొమ్మిది ముక్కలు చేశాడు. “కడుపు” అన్న మాట ఆవిడకు తగినట్టు మరే తల్లికీ తగదు.

చీపురుపల్లి సభ్యులు:
ఆ నలభై తొమ్మిది ముక్కల కథ షష్ఠ స్కంధంలోనిది, తెలుగులో అది ఏర్చూరి సింగన చేతిది అని గుర్తు చేయవలసి వస్తున్నది. అంతకన్నా పెద్ద అభ్యంతరం ఒకటుంది. దితి కొడుకులను చంపినవాడు విష్ణువు. పద్యమేమో దుర్గను గురించినది. దుర్గ చంపినవారిలో మహిషుడు రంభాసురుడికి మహిషి వల్ల పుట్టాడు. శుంభనిశుంభులు దనువు కొడుకులని వామన పురాణం. అప్పుడు దుర్గ కలిగించిన కడుపుకోత దితిది ఎట్లా అవుతుంది? ఆ అమ్మకు పోతనగారు పేరు పెట్టకపోవడమే సరైన పని. దేవతలకు శత్రువైన ఏ కొడుకునైనా కన్న తల్లి అని సామాన్యంగా తీసుకోవాలి.

నరసన్నపేట సభ్యులు:
చీపురుపల్లివారి మాటకు బయటి సాక్ష్యం కూడా ఉంది. గ్రీకుల భూమాత గాయా తన బిడ్డలైన టైటన్లను దేవతలు ఓడించాక జ్యూస్ మీదికి టైఫాన్‌ను కన్నది; దితి వ్రతం వెనుక ఉన్న కసి అదే. బాబిలోనియా సృష్టి కథలో తియామత్ దేవతలందరికీ మూలమైన తల్లి. భర్త అప్సూను ఆ దేవతలే చంపినప్పుడు పదకొండు భూతాలను కని వారి మీదికి నడిపింది, చివరికి మర్దుక్ చేతిలో చచ్చి ఆమె ఒళ్లే ఆకాశమూ భూమీ అయింది. అక్కడ సురల అమ్మా సురారుల అమ్మా ఒకతే. శత్రువుల తల్లి దుఃఖం ఆ కథలలో యుద్ధంగా మారింది. పోతనగారు దానిని స్తుతి మధ్యలో ఒక సమాసంలో నిలబెట్టి, గెలిచిన తల్లిని పొగుడుతూనే ఓడిన తల్లిని మనకు చూపించారు.

టెక్కలి సభ్యులు:
దితి కాకపోతే ఇంకో దారి ఉంది. “పుచ్చు” పోగొట్టడమే అనుకుందాము. దేవీమాహాత్మ్యం నాలుగో అధ్యాయంలో, ఈ రాక్షసులు యుద్ధంలో చచ్చి స్వర్గానికి పోవాలని తలచే నీవు వారిని కొడుతున్నావని దేవతలు అమ్మవారిని స్తుతిస్తారు. కొడుకులకు సద్గతి ఇచ్చి వారి తల్లి ఆరడిని పోగొట్టింది అంటే అదీ నిలుస్తుంది.

విజయనగరం సభ్యురాలు:
అది భక్తికి నిలుస్తుంది, పద్యానికి నిలవదు. సద్గతి మాట అందులో ఎక్కడా లేదు. మూడో పాదం “నమ్మిన వేల్పుటమ్మల మనమ్ముల నుండెడి యమ్మ”లోని “వేల్పుటమ్మల” మీద ఎవరూ ఆగకపోవడం నాకు వెలితిగా ఉంది. దేవతల భార్యలని చెప్పేవారున్నారు, కానీ టుగాగమం (మధ్యలో “ట్” చేరడం) కర్మధారయంలో వచ్చేది కనుక వేల్పులైన అమ్మలు అనే చెప్పుకోవాలి. మా పైడితల్లి, మీ కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి, శంబర పోలమాంబ అందరూ ఆ మాటలో ఉన్నారని నేను నమ్ముతాను. బొబ్బిలి యుద్ధంలో అన్న పోయిన దుఃఖంతో ప్రాణం విడిచిన ఆడపడుచే పైడితల్లి అని మా ఊరు చెప్పుకుంటుంది. ఆవిడ మనసులోనూ ఈ దుర్గ ఉంటుందన్నమాట. లలితా సహస్రనామాలను “తల్లివిన్కి”గా అచ్చతెలుగు చేసిన మా ఆదిభట్ల నారాయణదాసుగారిని ఇక్కడ తలచుకోవాలి. ఈ పద్యం కూడా “కృపాబ్ధి” దాకా ఇంచుమించు తెలుగులోనే నడిచి, అడగవలసినది అడిగే చోట ఒక్కసారిగా “మహత్త్వకవిత్వపటుత్వసంపదల్” అని సంస్కృత సమాసం ఎక్కుతుంది.

బొబ్బిలి సభ్యులు:
“మూలపుటమ్మ”లోని మూలం, సురారులు, “మనమ్ముల”లోని మనస్సు, దుర్గ అన్నీ సంస్కృతమేనండి. అయినా మీరన్న మలుపు నిజం, ఆ చివరి పాదంలో “యీవుత”, “యిచ్చుత” అని రెండు పాఠాలున్న సంగతి కూడా చూడండి.

ఆమదాలవలస సభ్యురాలు:
అందరికీ నమస్కారాలు. “తెచ్చిన” మానేస్తాను. అర్థానికి చీపురుపల్లివారి మాటే నాకు దగ్గరగా ఉంది. కానీ “ఆరడి”లోని ర సాధురేఫమా (ర) శకటరేఫమా (ఱ) అన్నది ఎవరూ చెప్పలేదు. పాత ప్రతి చేతిలో ఉన్నవారు ఆ పుట ఫొటో పెడితే మేలు.