సమస్యాపూరణం: “బిడ్డ పుట్టకుండ పేరు ముదిసె”

కవిమిత్రులకు నమస్కారం. రేపటి పిల్లలకు ఏ పేర్లు ఎక్కువగా పెడతారో ముందుగా చెప్పగలమా అన్న ప్రశ్న మీద కొన్నాళ్లుగా మన మధ్య సాగుతున్న వాదాన్ని పద్యంలోకి మళ్లిద్దామని ఈ ఆటవెలది నాలుగవ పాదాన్ని సమస్యగా ఇస్తున్నాను. పుట్టని బిడ్డకు పేరే ఉండదు. ఉన్నా అది ముదిసిపోవడం అసంబద్ధం. ఆ అసంబద్ధతను తొలగించి, పేర్ల ఒరవడికి అన్వయించి పూరించండి.

ఒక మిత్రుడు “పుట్టకుండ” వ్యావహారికం కదా అని ముందే అడిగారు. “పుట్టక + ఉండ” అని విడదీస్తే “పుట్టక ఉండగా” అన్న అర్థం వస్తుంది కనుక దోషం లేదు. బి–పే యతి కూడా చెల్లుతుంది.

మొదటి పూరణ (ఒక గణాంక అధ్యాపకుడు)

వేగముగను లేచు వీచిక విరుగును
అంద ఱొకటె మెచ్చ నదియె పాత
తొమ్మిది నెలలందు తోడివా రెన్నగ
బిడ్డ పుట్టకుండ పేరు ముదిసె

పూరణకర్త వివరణ: అమ్మాయిల పేర్లలో “జెన్నిఫర్” అమెరికాలో 1970 నుంచి 1984 దాకా వరుసగా పదిహేనేళ్లు ప్రథమస్థానంలో నిలిచి, ఆ తరువాత జారిపోయింది. ఫ్రాన్సు, అమెరికా దేశాల వందేళ్ల పేర్ల లెక్కలను పరిశీలించి 2009లో వెలువరించిన ఒక పరిశోధన, ఎంత వేగంగా పైకెక్కిన పేరు అంత వేగంగా దిగిపోతుందని తేల్చింది. ఉన్నట్టుండి అందరి నోటా వినిపించే పేరును తల్లిదండ్రులు నాలుగు రోజుల మోజుగా భావించి దూరం పెట్టడమే దీనికి కారణమని వారి వాదన. కాబట్టి ఏ పేరు పైకి వస్తుందో చెప్పలేకపోయినా, వచ్చిన పేరు ఎంతకాలం నిలుస్తుందో కొంతవరకు చెప్పవచ్చు.

విమర్శ: అధ్యాపకుల వారూ, అలతో పోలిక సముచితంగా ఉన్నది, సమస్యకు సమన్వయం కూడా చక్కగా కుదిరింది. రెండవ పాదంలో “మెచ్చన్ + అదియె” అన్న చోట నకారం ద్రుతానిదే కనుక అచ్చుకు అచ్చు యతి చెల్లింది. అయితే మొదటి పాదం చివరి “విరుగును” తరువాత “అంద ఱొకటె” అని అచ్చుతో మొదలుపెట్టడం విసంధి (సంధి జరగవలసిన చోట జరపకపోవడం). “మంది మెచ్చినంత మాట పాత” అని సవరిస్తే దోషం తొలగుతుంది, పైగా అర్థం మరింత పదునెక్కుతుంది. ఇది చదువుతున్నప్పుడు నాకొక దృశ్యం గుర్తుకు వచ్చింది. ఒక పిల్లల పార్కులో ఒక తల్లి తన బిడ్డను పేరుపెట్టి పిలవగానే ముగ్గురు పిల్లలు ఒకేసారి తలతిప్పి చూశారు. పిలిచిన తల్లి ముఖం చిన్నబోయింది. అందరికంటె భిన్నంగా ఉండాలనే ఆమె ఆ పేరు ఎంచుకొని ఉంటుంది. మిగిలిన ఇద్దరి తల్లులూ అదే అనుకొని ఉంటారు.

రెండవ పూరణ (ఒక విశ్రాంత గ్రంథాలయాధికారిణి)

తల్లి పేరు మోటు. తాతమ్మ పేరు సొం
పనుచు వెదకి తీసి పాత పెట్టె
నూఱు నేండ్లు దాగి నునుపెక్కి వచ్చెను
బిడ్డ పుట్టకుండ పేరు ముదిసె

విమర్శ: అమ్మా, సమస్యలోని “ముదిసె” అన్న మాటను లోపంగా కాక గుణంగా తీసుకోవడం మీ పూరణలోని విశేషం. తల్లి తరం పేరు తల్లి తోటివారిని గుర్తుచేస్తుంది కనుక మోటుగా తోస్తుంది. మూడు తరాల వెనుకటి పేరును మోసినవారు కళ్లెదుట మిగలరు కనుక అది మళ్లీ కొత్తగా మెరుస్తుంది. “ఎమ్మా” అన్న పేరే ఇందుకు సాక్ష్యం: 1880లో అమెరికాలో మొదటి అయిదు పేర్లలో ఒకటిగా ఉండి, 1970లలో మొదటి మూడు వందలలో కూడా చోటు దక్కక, 2014 నుంచి 2018 వరకు ప్రథమస్థానంలో వెలిగింది. అయితే ఒక్క మాట. మరుగుపడిన పేర్లన్నీ ఇలా తిరిగి రావు. వచ్చిన వాటినే లెక్కించి సూత్రం చెప్పడం వలన ఈ వందేళ్ల నియమం ఉన్నదాని కంటె గట్టిగా కనిపిస్తున్నదని నా అనుమానం.

వ్యాకరణం విషయానికి వస్తే, “నూఱు + ఏండ్లు” నూఱేండ్లు అవుతుంది కాని “నూఱు నేండ్లు” కాదు. “నూఱు వత్సరములు నునుపెక్కి వచ్చెను” అనండి. “సొం–పనుచు” అని పదం పాదాంతంలో విరగడం మన పద్యానికి అలవాటే.

మూడవ పూరణ (కొత్తగా చేరిన విద్యార్థి)

పేరు కాదు కాదు పేరులోని ధ్వని
పాత తోకె తెచ్చె కొత్త పేర్లు
తోక యరిగినంత దోచును ముదిమియె
బిడ్డ పుట్టకుండ పేరు ముదిసె

విమర్శ: నాయనా, నీ భావం ఈ పూరణలలో అన్నింటి కంటె లోతైనది, నీ ఛందస్సు అన్నింటి కంటె బలహీనమైనది. మొదటి పాదంలో “లోని” తెలుగు పదం, “ధ్వని” వేరొక పదం. కనుక ధ్వకు ముందున్న “ని” గురువు కాదు, చివరి గణం చెడింది. “పేరులో సవ్వడి” అంటే సరిపోతుంది. రెండవ పాదంలో పా–కొ యతి లేదు. “పాత తోకె తెచ్చె పదుల పేర్లు” అని దిద్దుకో.

ఇక భావం: వ్యాప్తి పొందేది పేరు కాదు, శబ్దమన్న నీ మాట నిజం. అమెరికాలో ఎయిడెన్, జేడెన్, బ్రేడెన్ అంటూ “డెన్” తోకతో ఒకదాని వెంట ఒకటి వచ్చిన పేర్లు ఇందుకు ఉదాహరణలు. 2005లో అక్కడ కత్రినా తుఫాను బీభత్సం సృష్టించిన తరువాత ఆ పేరు పెట్టేవారు తగ్గినా, “క” శబ్దంతో మొదలయ్యే ఇతర పేర్లు సుమారు 9 శాతం పెరిగాయని ఒక అధ్యయనం చెప్పింది. ఇష్టమో భయమో కాదు, పదేపదే చెవిన పడడమే చాలునన్నమాట. రేపటి పేరును ఊహించదలచినవారు పేర్ల పట్టిక కంటె శబ్దాల పట్టిక వేసుకోవడం మేలు.

నాలుగవ పూరణ (ఒక పాత సభ్యుడు)

పట్టిక గని లెక్క పదునుగ జెప్పిన
జోస్యమైన నిన్న జూపె గాని
రేపటి రుచి నెట్లు రేఖలు చెప్పును
బిడ్డ పుట్టకుండ పేరు ముదిసె

విమర్శ: నిర్దుష్టమైన పూరణ, అభినందనలు. జో–జూ యతి బాగున్నది, “రేఖలు” అన్న మాట రేఖాచిత్రాన్నీ హస్తరేఖలనూ ఒకేసారి స్ఫురింపజేసింది. అమెరికా సామాజిక భద్రతా సంస్థ 1880 నుంచి నమోదైన పేర్ల లెక్కలను అందరికీ అందుబాటులో ఉంచింది. అయితే ఒక సంవత్సరపు పట్టిక ఆ మరుసటి సంవత్సరం గాని వెలువడదు, పైగా ఏడాదిలో అయిదుగురి కంటె తక్కువ మందికి పెట్టిన పేరును గోప్యత కోసం అందులో చూపరు. మీ పద్యానికి అసలు బలం ఇక్కడే ఉన్నది. రేపు వెలగబోయే పేరు మొలకెత్తేది సరిగ్గా ఆ చూపని భాగంలోనే. పట్టికలోకి వచ్చేసరికి అప్పటికే దానిని ఎరిగినవారు కొందరు ఉంటారు, మొదటి పదింటిలోకి వచ్చేసరికి ఎరగనివారు ఉండరు.

మొదటి పూరణకర్త ప్రతివ్యాఖ్య: పాత మిత్రులు మరీ నిరాశపరిచారు. తల్లిదండ్రులు ఒకరిని చూసి ఒకరు యాదృచ్ఛికంగా పేర్లు తీసుకుంటారని, అప్పుడప్పుడు ఎవరో కొత్త పేరు పుట్టిస్తారని అనుకొని లెక్క కట్టినా, పేర్ల పంపిణీ ఆకారం వాస్తవానికి దగ్గరగా వస్తుందని 2003లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. మొదటి పది పేర్లు ఎంత వాటా తీసుకుంటాయన్నది చెప్పవచ్చు. ఆ పది ఏవో మాత్రం చెప్పలేము.

అయిదవ పూరణ (ఇద్దరు పిల్లల తల్లి)

వినగ వినగ పేరు విసువయ్యె ననరాదు
కన్నతల్లి పిలుపు కమ్మదనము
క్రొత్త చేయు నెపుడు. కూసె నెవ్వడొ యిట్లు
బిడ్డ పుట్టకుండ పేరు ముదిసె

విమర్శ: సమస్యను పరుల మాటగా మార్చి దానినే ఖండించడం పాత ఎత్తుగడే అయినా, ఇంత సూటిగా ఎవరూ వాడలేదు. క్రొ–కూ యతి చెల్లింది. అమ్మా, ఆ కూసిన “ఎవ్వడొ” నేనే.