అటారీ 2600 ప్యాక్‌మ్యాన్‌లో దయ్యాల మిణుకు: తప్పు యంత్రానిదా, ప్రోగ్రాందా?

రాస్టర్‌గీత:
1980 నాటి ఆర్కేడ్ ప్యాక్‌మ్యాన్‌లో దయ్యాలు నాలుగూ నిలకడగా కనిపిస్తాయి. 1982లో ఇంటి టీవీకి తగిలించి ఆడే అటారీ 2600కు వచ్చిన ఆటలో మాత్రం అవి మిణుకుమిణుకుమంటాయి, చుక్కలు అడ్డగీతలయ్యాయి, తెర ఒక అంచు నుంచి ఎదుటి అంచుకు దాటించే, పక్కలనుండాల్సిన సొరంగం పైకీ కిందికీ మారింది. ఇదంతా యంత్రం పరిమితి వల్లేనా?

పాతజాయ్‌స్టిక్:
చాలావరకు అంతే. ఆ యంత్రంలో ఉన్న ర్యామ్ 128 బైట్లు. తెర బొమ్మను దాచుకునే చోటే లేదు. అందుచేత టీవీలో ఒక్కొక్క గీత పడుతూ ఉండగానే, గీతకు 76 ప్రాసెసర్ సైకిళ్ళ చొప్పున, ఆ గీతలో ఏమేమి కనిపించాలో ప్రోగ్రాం, బొమ్మను టీవీకి పంపే టియా చిప్‌కు అందిస్తూ పోవాలి. టియాలో స్వేచ్ఛగా కదిలే బొమ్మలు అయిదే: రెండు ప్లేయర్లు, రెండు మిసైళ్ళు, ఒక బంతి. ఒక ప్లేయర్‌ను ప్యాక్‌మ్యాన్‌కు కేటాయించాక రెండోదాన్ని నాలుగు దయ్యాలూ వంతులవారీగా పంచుకున్నాయి కనుక, సెకనుకు 60 ఫ్రేములు పడినా ఒక్కో దయ్యం కనిపించేది 15 సార్లే. ఇక గోడలనూ చుక్కలనూ గీసే నేపథ్యంలో ఒక బిట్ నాలుగు పిక్సెళ్ళ వెడల్పు ఆక్రమిస్తుంది. గుండ్రటి చుక్క అందులో ఇమడదు.

బిట్‌మ్యాప్:
పాతజాయ్‌స్టిక్ గారి లెక్క సరైనదే గాని, నిందంతా యంత్రం మీదికే నెట్టడానికి నేను ఒప్పుకోను. అదే యంత్రానికి తరువాత వచ్చిన మిజ్ ప్యాక్‌మ్యాన్‌లో సొరంగాలు పక్కలనే ఉన్నాయి. అందులో ఒకే ప్లేయర్‌ను తెర పైభాగంలో ఒక దయ్యంగా గీసి, టీవీ తెరపై గీతలు గీసే కిరణం కిందికి దిగేలోగా చోటు మార్చి మరో దయ్యంగా గీస్తారు. రెండు దయ్యాలు ఒకే ఎత్తులోకి వచ్చినప్పుడే మిణుకు తప్పదు. అయితే దానికి 8 కిలోబైట్ల కార్ట్రిడ్జ్ (ఆట ప్రోగ్రాం ఉండే పెట్టె) దక్కింది, మొదటిదాన్ని 4 కిలోబైట్లలో కుదించారు. ఆ పొదుపు చిప్ చేసింది కాదు.

పాతజాయ్‌స్టిక్:
సొరంగం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చివరివరుస:
కోత పెట్టినా ఆట చెడకపోవడానికి స్పేస్ ఇన్వేడర్స్ మంచి ఉదాహరణ. ఆర్కేడ్‌లో 55 మంది ఉన్న శత్రువుల దండు 2600లో 36కు తగ్గింది. ఆర్కేడ్ యంత్రం ఫ్రేముకు ఒక్కరినే కదిపేది కనుక, శత్రువులు తగ్గేకొద్దీ దండు దానంతటదే వేగం పుంజుకునేది. 2600లో దండంతా ఒకేసారి కదులుతుంది కాబట్టి ఆ వేగాన్ని ప్రోగ్రాంలో పనిగట్టుకొని రాయవలసి వచ్చింది. రాశారు కూడా, పందొమ్మిది మంది తగ్గిన సంగతి ఆడేటప్పుడు గుర్తుకే రాదు.