సౌండ్‌బార్‌ను ఏవీ రిసీవర్‌కు కలపవచ్చా?

ప్రశ్న: మా గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు మాత్రమే. ఉన్న సౌండ్‌బార్‌ను మధ్య స్పీకరుగా ఉంచుకొని, మిగిలిన స్పీకర్లను కొత్త 5.1 ఏవీ రిసీవర్‌తో (ఐదు స్పీకర్లకు, మంద్రధ్వనినిచ్చే ఒక సబ్‌వూఫర్‌కు ధ్వనిని పంచే యాంప్లిఫయర్ పెట్టె) నడపాలనుకుంటున్నాను. ఇది సాధ్యమేనా అండీ?

జవాబు 1: రిసీవర్ స్పీకర్ టెర్మినళ్ల నుంచి సౌండ్‌బార్‌కు తీగ లాగకండి, అందులో యాంప్లిఫయర్ ముందే ఉంటుంది కనుక, ఆ బలమైన సిగ్నల్ దాని ఇన్‌పుట్‌ను పాడుచేయవచ్చు. రిసీవర్‌కు సెంటర్ ప్రీ-అవుట్ (మధ్య స్పీకరు సిగ్నల్‌ను బలం పెంచకుండానే బయటికిచ్చే సాకెట్) ఉంటే, దాన్ని సౌండ్‌బార్ ఆక్స్ ఇన్‌పుట్‌కు కలపవచ్చు గానీ, సౌండ్‌బార్ లోపలి డిజిటల్ ప్రాసెసింగ్ వల్ల సంభాషణలు మిగతా స్పీకర్ల కంటే వెనుకబడే అవకాశం ఉంది. రెండు రిమోట్లతో వాల్యూమ్ సరిచూసుకునే తంటా సరేసరి.

జవాబు 2: ఒక మినహాయింపు ఉంది. యాంప్లిఫయర్ లేని పాసివ్ సౌండ్‌బార్లలో ఎడమ, మధ్య, కుడి ఛానళ్లకు విడివిడి టెర్మినళ్లుంటాయి. అవి నేరుగా రిసీవర్‌తోనే నడుస్తాయి.

జవాబు 3: సౌండ్‌బార్‌ను పడకగది టీవీకి మార్చి, రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కొనండి. 80 హెర్ట్జ్ క్రాసోవర్ (ధ్వనిని విడదీసే హద్దు) పెట్టి, అంతకు కింది మంద్రధ్వనిని సబ్‌వూఫర్‌కు అప్పగిస్తే ఆ గదికి చాలు. రిసీవర్ సెట్టింగుల్లో సెంటర్ (మధ్య) స్పీకరు లేదని చెబితే, సంభాషణలను రిసీవరే ఆ రెండింటికీ పంచుతుంది.

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. మా రిసీవర్‌కు సబ్‌వూఫర్ ప్రీ-అవుట్ తప్ప మరొకటి లేదు కనుక, మూడవ దారే పడతాను.