డిసబిలిటీ పెన్షన్: ఫస్ట్ అప్పీల్ కూడా కొట్టేసినారు, అసలు ఏం చూసి తేలుస్తారు?

ఉదయగిరి_హవల్దార్:
అన్నలందరికీ నమస్తే. 2022లో ఆర్మీ నుంచి రిటైరై ఇంటికొచ్చినా. రిలీజ్ మెడికల్ బోర్డులో, అదే బయటికి పంపే ముందు డాక్టర్లు చూసేదాంట్లో, బీపీ, వైకల్యం 30 పర్సెంట్, జీవితాంతం అని రాసి, కింద మాత్రం సర్వీస్ వల్ల వచ్చిందీ కాదు సర్వీస్‌లో ముదిరిందీ కాదు అని పెట్టినారు. ఫస్ట్ అప్పీల్ ఎస్తే అది కూడా రిజెక్ట్ అని మొన్న లెటర్ వచ్చినాది. నన్ను పిలిచిందీ లేదు, మళ్ళీ డాక్టర్ చూసిందీ లేదు. ఇప్పుడు సెకండ్ అప్పీల్ అంటన్నారు, దాని తర్వాత చెన్నైలో ఫోర్సులోళ్ళ ట్రిబ్యునల్ అంటన్నారు. మా ఊళ్ళో ఒకాయనేమో అదంతా దండగ అబ్బయ్యా, లాయర్లు బతకడానికి అంటాడు. ఎవురన్నా పోయొచ్చినోళ్ళు ఉంటే చెప్పండి.

ఒంగోలు_సుబేదార్:
పిలవరు తమ్ముడూ, సెకండ్ అప్పీల్ కమిటీ కూడా కాగితాల మీదే తేల్చిద్ది. బోర్డు ఏం రాసింది, జబ్బు ఏ ఏడాది మొదలైంది, అప్పుడు నువ్వు ఫీల్డ్‌లో (బోర్డర్, ఆపరేషన్ల ఏరియా) ఉన్నావా పీస్‌లో (మామూలు స్టేషన్) ఉన్నావా, అంతే. కమిటీల్లో గెలిచినోళ్ళని నేను తక్కువే చూసా. అట్టాగని మానుకోబాక, ఆరు నెలల్లోపు పడేయ్. ఎందుకంటే ట్రిబ్యునల్‌కి పోతే ముందు అడిగేదే అది, కింద దారులన్నీ అయినాయా లేదా అని. వేసి ఆరు నెలలైనా ఉలుకూ పలుకూ లేకపోతే ఇక ఆగబళ్ళేదు, నేరుగా పోవచ్చు.

గిద్దలూరు_గన్నర్:
అన్న చెప్పింది కరెక్టే గానీ అంతకన్నా ముందు బోర్డు ప్రొసీడింగ్స్ పూర్తి కాపీ నీ దగ్గరుందా? చాలామంది రిజెక్షన్ లెటర్ ఒక్కటి పట్టుకోని లాయర్ దగ్గరికి పోతారు, దాంట్లో ఏముంటది రెండు లైన్లు. అసలు సంగతంతా బోర్డు ఫారంలో ఉంటది. అడిగితే ఇవ్వకపోతే 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఆర్టీఐ వెయ్. కారణం రాసే గడి ఒకటి ఉంటది చూడు, అది చదువు. నా దాంట్లో పీస్ స్టేషన్‌లో మొదలైంది కాబట్టి అని ఒక్క ముక్క ఉంది, అంతకు మించి ఏం లేదు. చెన్నైలో మా లాయర్ పట్టుకుంది ఆ ముక్కనే. చేర్చుకునేటప్పుడు తిప్పి తిప్పి చూసి ఫిట్ అన్నారు, ఏ జబ్బూ రాయలా, మరి తర్వాత వచ్చింది సర్వీస్‌ది కాదనాలంటే ఎందుక్కాదో నువ్వు చెప్పాలి గదా, నన్ను రుజువు చెయ్యమంటే ఎట్టా అని. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు చెప్పిందే ఇది. ఆయన సిగ్నల్స్ కోర్‌లో తొమ్మిదేళ్ళు చేసినాక మూర్ఛ జబ్బని పంపిచ్చేశారు, శరీర తత్వం వల్లే వచ్చిందని బోర్డు రాసింది, అది ఎట్టా తేల్చారో రాయలా. ఆయనే గెలిచాడు.

కావలి_నేవీ:
అందరూ ధరమ్‌వీర్ ధరమ్‌వీర్ అంటా ఉంటారు గానీ అదేం తాయెత్తు కాదబ్బా. మా బ్యాచ్‌మేట్ లీవులో ఇంటికొచ్చి బైక్ మీద సంతకి పోతా పడినాడు, కాలు ఇరిగింది. లీవులో ఉన్నా సర్వీస్‌లో ఉన్నట్టే గదా అని పోయినాడు. దెబ్బకీ డ్యూటీకీ సంబంధం ఏందో చూపించు అన్నారు, ఏం చూపిస్తాడు, కొట్టేసినారు. అదే యూనిట్ నుంచి ఇంటికొచ్చే దారిలో పడుంటే కథ వేరే. ఇంకో మాట, చెప్తే కోపాలొస్తాయి గానీ, బీపీ షుగర్‌కి కూడా అందరూ క్లెయిమ్ అంటే నిజంగా గుండు తగిలినోడిని కూడా అనుమానంగానే చూస్తారు.

గిద్దలూరు_గన్నర్:
నేవీ అన్నా, పీస్ స్టేషన్ అంటే పండగ కాదు. రాత్రి గార్డు, పొద్దున పీటీ, ఇంటికాడ ఏదన్నా అయితే లీవ్ దొరకదు. బీపీ రాసినోడల్లా దొంగ అంటే ఎట్టా?

కావలి_నేవీ:
దొంగ అన్లా. బోర్డు కారణం రాసుంటే దాన్ని కొట్టడం కష్టం అంటా ఉండా. నీకు ఒక్క ముక్క రాసినారు కాబట్టి గెలిచినావు. సిగరెట్లు, బరువు, ఇంట్లో నాయనకుంది అన్నీ ఎక్కించి రాసుంటే? ఇంకా, 2023 సెప్టెంబర్ 21 నుంచి కొత్త ఎంటైటిల్‌మెంట్ రూల్స్, అంటే ఈ పెన్షన్ ఎవురికి వచ్చిద్దో తేల్చే రూల్స్, వచ్చినాయి. హవల్దార్‌ది 2022 కాబట్టి 2008 రూల్సే. ఆ తేదీ తర్వాత బయటికొచ్చినోళ్ళు ఈ చర్చ చదివి మనకీ ఇంతే అనుకోబాకండి.

ఒంగోలు_సుబేదార్:
ఆ పాయింట్ ముఖ్యం. ఇక డబ్బుల లెక్క. తమ్ముడికి 30 రాశారు గదా, 20 దాటింది కాబట్టి సర్వీస్ వల్లే అని తేలితే డిసబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, వచ్చిద్ది. రౌండింగ్ కూడా అడగమని లాయర్‌కి చెప్పు. 50 లోపు ఉన్నది 50 అయ్యిద్ది, 50 నుంచి 75 దాకా 75, ఆ పైన 100. మొదట్లో ఇది జబ్బు వల్ల మధ్యలోనే పంపించేసినోళ్ళకే (బోర్డవుట్) ఇచ్చేవాళ్ళు, టైమ్ పూర్తి చేసుకోని వచ్చినోళ్ళకీ ఇవ్వాల్సిందే అని 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసులో తేలింది. చివరి జీతం 40,000 అనుకో, 100 పర్సెంట్‌కి అందులో 30 శాతం అంటే 12,000. నీ 30కి 3,600. 50 చేస్తే 6,000, పైన డీఏ. పిటిషన్‌లో అడగలేదనుకో, దానికోసం మళ్ళీ తిరగాలి.

కొండపి_కోడలు:
నమస్తే అండి. మా మామయ్యగారు 1998లో వచ్చేశారు, అప్పుడు రిజెక్ట్ అయితే ఊరుకున్నారు. ఇప్పుడు వేస్తే తీసుకుంటారా? ఆయనకి ఆరోగ్యం అంత బాగోలేదు, మధ్యలో ఏమన్నా అయితే కేసు పోతుందా అని అత్తయ్య భయపడుతున్నారు.

ఒంగోలు_సుబేదార్:
తీసుకుంటారమ్మా. పెన్షన్ నెల నెలా ఆగే అన్యాయం కాబట్టి ఆలస్యమైనా వింటారు, కాకపోతే ఆలస్యం ఎందుకయ్యిందో అప్లికేషన్ విడిగా పెట్టాలి. గెలిస్తే పాత బకాయి మొత్తం రాదు, మామూలుగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్ళకే ఇస్తారు. 2008లో తార్సేమ్ సింగ్ కేసు దగ్గర్నుంచీ ఇదే పద్ధతి. అందుకని ఇంకో ఏడాది చూద్దాం అనుకోవద్దు, ఆ ఏడాది డబ్బులు పోయినట్టే. మధ్యలో ఆయనకేమన్నా అయినా మీ అత్తయ్యగారు వారసురాలిగా కేసు నడుపుకోవచ్చు.

ఉదయగిరి_హవల్దార్:
థ్యాంక్స్ అన్నా. చెన్నైలో ఎవురు కూర్చుంటారు? లాయర్ లేకుండా కుదరదా, ఫీజు చాలా చెప్తా ఉండారు.

గిద్దలూరు_గన్నర్:
మన ఆంధ్రా చెన్నై బెంచ్ కిందకే వచ్చిద్ది. ఒక జడ్జి, ఫోర్సుల్లో రిటైరైన పెద్దాఫీసర్ ఒకరు, ఇద్దరు కలిసి వింటారు. ఆ ఆఫీసర్‌కి యూనిట్ బతుకంటే ఏందో తెలుసు కాబట్టి కొన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బోర్డు రాసింది మరీ అయోమయంగా ఉంటే మళ్ళీ బోర్డు పెట్టమని కూడా అంటారు. సొంతంగా వాదించుకునే హక్కు ఉంది, కానీ వద్దులే, అవతల సర్కారు లాయర్ ఉంటాడు. గెలిచినా వాళ్ళు పైకి పోవచ్చు, 2023లో సుప్రీం కోర్టు పరషోత్తమ్ దాస్ తీర్పు తర్వాత హైకోర్టు దారి కూడా తెరుచుకుంది, మనకీ వాళ్ళకీ. కాబట్టి ఆర్డర్ రాంగానే అప్పు చేసి స్లాబ్ వెయ్యబాక.

కావలి_నేవీ:
ఫీజు గురించి ముందు జిల్లా సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో అడుగు. 2025 జూలైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వాళ్ళు వీర్ పరివార్ సహాయతా యోజన అని పెట్టినారు, సైనిక్ బోర్డుల్లోనే లీగల్ క్లినిక్‌లు అని. నెల్లూరులో ఏ రోజు కూర్చుంటారో ఫోన్ చేసి కనుక్కోని పో, ఊరికే బస్సు చార్జీ తగలెయ్యబాక. పొయ్యేటప్పుడు బోర్డు కాపీ, రెండు రిజెక్షన్ లెటర్లు, డిశ్చార్జ్ బుక్, ఎక్కడెక్కడ పోస్టింగో ఏడాదుల వారీగా రాసిన కాగితం. ఫీల్డ్ ఏరియాలో చేసినవి పైన రాయి.

ఉదయగిరి_హవల్దార్:
బోర్డు కాపీలో ఆ గడి ఇప్పుడే చూసినా. "జీవనశైలి సంబంధిత" అని రాసుండాది, ఇంకేం లేదు. మూడేళ్ళు జమ్మూ కాశ్మీర్‌లో చేసినా, దాని ఊసే లేదు.

గిద్దలూరు_గన్నర్:
సెకండ్ అప్పీల్‌లో మొదటి పేరా అదే రాయి. స్పీడ్ పోస్ట్‌లో పంపిచ్చి రసీదు దాచుకో, ఆరు నెలల లెక్క దాని మీద తేదీ నుంచే.