తడి ఉన్న నేలలో కూడా వేరుశనగ ఆకులు మధ్యాహ్నం ఎందుకు ముడుచుకుంటాయి?

ప్రశ్న:
అనంతపురం జిల్లాలోని మా ఎర్రనేలలో వేసవి వేరుశనగను డ్రిప్ కింద సాగు చేస్తున్నాము. వేళ్ల దగ్గరి మట్టిని పిడికిట పట్టి చూస్తే ముద్ద కడుతోంది. అయినప్పటికీ పన్నెండు గంటలు దాటేసరికి ఆకులు ముడుచుకొని, సాయంత్రానికి తిరిగి విచ్చుకుంటున్నాయి. తడులు పెంచవలసి ఉంటుందా?

మొదటి సమాధానం:
మీరు వివరించిన దానిని బట్టి లోటు నేలలో కాక గాలిలో ఉన్నట్లు తోస్తోంది. గాలిలో తేమ 30 శాతమే అనుకున్నా, 30 డిగ్రీల వేడిలో ఆవిరి లోటు (గాలి ఇంకా ఎంత ఆవిరిని పీల్చుకోగలదో తెలిపే కొలత) సుమారు 3 కిలోపాస్కల్స్ ఉండగా, 40 డిగ్రీల వద్ద అది 5 దాటిపోతుంది. (వాతావరణ వార్తలలో తేమ శాతం ఒక్కటే చెప్పి ఊరుకోవడం రైతుకు ఏమంత ఉపయోగపడదు.) ఆకు నుంచి గాలి లాగుతున్నంత వేగంగా వేళ్లు నీటిని అందించలేనప్పుడు, ఆకులో ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరిగి, పత్రరంధ్రాల (ఆకు మీది సన్నని రంధ్రాల) చుట్టూ ఉండే రక్షక కణాలు పొటాషియంను, దాని వెంట నీటిని వదిలి మెత్తబడగా ఆ రంధ్రాలు మూసుకుంటాయి. అలా మూసుకోకపోతే వేళ్ల నుంచి ఆకులకు నీటిని చేరవేసే దారునాళాలలోని నీటిధార తెగి, గాలి బుడగలు అడ్డుపడే ప్రమాదం ఉంటుంది. వేరుశనగ ఇంకొక పని కూడా చేస్తుంది: తన నాలుగు చిట్టి ఆకులను జతలుగా దగ్గరకు చేర్చి నిలబెట్టి, ఎండ తగిలే వైశాల్యాన్ని తగ్గించుకుంటుంది. దీనిని వాడిపోవడంగా లెక్కించరాదు.

రెండవ సమాధానం:
పై వివరణ సరైనదే గాని, అన్ని పంటల తీరు ఒకటి కాదు. జొన్న ఆకును చుట్టుకుంటుంది, పైన మైనపు పూత ఉంటుంది. కంది లోతుకు వేరు దింపి నీటిని వెతుక్కుంటుంది. మన వైపు వేరుశనగలో కంది సాళ్లు వేసే అలవాటుకు ఇదీ ఒక బలం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) పరిశోధనలలో తేలిన సంగతి మరింత ఆసక్తికరమైనది: కొన్ని సజ్జ రకాలు నేలలో నీరు పుష్కలంగా ఉన్నప్పుడే, గాలి పొడిబారిన వేళల్లో నీటి ఖర్చును తగ్గించుకొని, ఆ నీటిని గింజ కట్టే దశకు మిగుల్చుకుంటాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అయితే ఇలా ముడుచుకోవడం వల్ల దిగుబడి తగ్గదా?

మూడవ సమాధానం:
కొంత తగ్గుతుంది. పత్రరంధ్రాలు మూసుకున్నంతసేపు కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు, ఆకు కూడా వేడెక్కుతుంది. పొద్దున ఆకులు పూర్తిగా విప్పారి ఉంటే తడులు పెంచకండి. ఎక్కువైన నీరు మట్టిలోని గాలిని తరిమి వేళ్లకు ఊపిరాడకుండా చేస్తుంది. పొద్దెక్కకముందే ముడుచుకొని కనిపిస్తే మాత్రం నేలలో నీరు చాలడం లేదని గ్రహించాలి. ఊడలు (పూత తరువాత నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే దశలో పైపొర ఎండకుండా చూసుకోండి, ఎందుకంటే గట్టిపడిన మట్టిలోకి ఊడ దిగలేదు, ఊరే కాయ తనకు కావలసిన కాల్షియంను ఆ పొర నుంచే నేరుగా తీసుకుంటుంది.