అప్‌డేట్: ఇంటర్‌పోల్ ఫైళ్లలో పేరుందో లేదో గుంటూరు నుంచే తెలుసుకోవడం

గల్ఫ్‌లో చెక్కు కేసున్న మా అన్నయ్య పేరు ఇంటర్‌పోల్ దగ్గరుందా, ఎలా తెలుస్తుందని అడిగాను కదా. ఫ్రాన్స్‌లో లియోన్‌లోని ఇంటర్‌పోల్ ఫైళ్ల నియంత్రణ కమిషన్‌కి నేరుగా రాయొచ్చు, ఫీజు లేదు. ఇంగ్లిష్, ఫ్రెంచ్, స్పానిష్, అరబిక్‌లలోనే రాయాలి. అన్నయ్య సంతకం, గుర్తింపు కార్డు నకలు తప్పనిసరి. లాయరు రాస్తే అధికారపత్రం కూడా. దరఖాస్తు అర్హమని తేల్చాక ఫైళ్లలో ఏముందో చెప్పడానికి 4 నెలలు, ఉన్నది తొలగించమంటే తేల్చడానికి 9 నెలలు గడువు. వివరాలు పంపిన దేశం అభ్యంతరపెడితే కమిషన్ కొంత చెప్పకపోవచ్చు, అదే బాధ.

వెబ్‌సైట్‌లో పేరు కనపడలేదని ధీమా వద్దు. చాలా రెడ్ నోటీసులు (మనిషిని వెతికి పట్టుకోమని దేశాల పోలీసులకు ఇంటర్‌పోల్ పంపే వినతులు) పోలీసులకే కనిపిస్తాయి. తొలగింపు కోరితే, ప్రైవేటు తగాదాలకు రెడ్ నోటీసు కూడదన్న ఇంటర్‌పోల్ 83వ నిబంధన చూపి, బాకీ తీర్చిన రసీదులు, కోర్టు కాగితాల అనువాదాలు జతచేయాలి. నోటీసు తీసేసినా అక్కడి కేసు మాత్రం అలాగే ఉంటుంది, దానికి వేరే లాయరు కావాలి.